ఎల్బీనగర్ ఆరున్నర సెకన్లు ముందు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి అడ్రసు చెప్పడం ఒక కళ. "సాయిబాబా గుడి దాటి రండి, టిఫిన్ బండి దగ్గర ఎడమ పక్క సందు, మూడో కరెంటు స్తంభం, కింద జిరాక్స్ షాపు ఉంటుంది, దానిపైన సెకండ్ ఫ్లోర్." ఇంటి నంబరు, ప్లాటు నంబరు ఉన్నా వాటిని ఎవరూ నమ్మరు. గుడినే నమ్ముతారు. ఈ పద్ధతిలో ఉన్న చిక్కల్లా ఒకటే. చెప్పేవాడికీ వినేవాడికీ అదే గుడి తెలిసుండాలి. లేకపోతే వాడు ఇంకో గుడి దగ్గర నిలబడి ఫోన్ చేస్తాడు.

అక్షాంశం, రేఖాంశం చెప్తే ఈ గొడవే ఉండదని నేను చాలాకాలం అనుకున్నాను. రెండు నంబర్లు చాలు, భూమ్మీద ఎవడైనా సరిగ్గా అక్కడికే వచ్చి నిలబడతాడు అని. స్కూల్లో గ్లోబు తిప్పినప్పుడు అదే చెప్పారు. ఇంజనీరింగ్ అయ్యి ఉద్యోగంలో చేరాక డేటాబేసులో లాట్, లాంగ్ అని రెండు కాలమ్స్ పెట్టినప్పుడూ అదే నమ్మకం. ఆ నమ్మకం ఎలా పోయిందో చెప్తాను.

మా టీముకి ఒక ప్రాజెక్టు వచ్చింది. ఎవరు, ఏమిటి అన్నది వదిలేయండి. ఒక ఊళ్ళో ఆసుపత్రులు, స్కూళ్ళు, ముఖ్యమైన చోట్లు అన్నీ మ్యాపు మీద పెట్టాలి. అంబులెన్సు లాంటి బళ్ళు దాని సాయంతో వెళ్తాయి. క్లయింటు ఎప్పుడో పాత కాగితం మ్యాపుల నుంచి తీసిన పాయింట్ల టేబుల్ ఒకటి ఇచ్చాడు. లోడ్ చేశాం. నాకు బాగా తెలిసిన ఏరియా కదా అని టెస్టింగుకి దిల్‌సుఖ్‌నగర్ తీసుకున్నాను. చూస్తే ఏ పాయింటూ దాని చోట్లో లేదు. పోనీ చిందరవందరగా ఉన్నాయా అంటే అదీ కాదు. అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే దిక్కుకి, నూటయాభై రెండొందల మీటర్ల మధ్య జరిగిపోయాయి. మా రోడ్డు మీద ఆ దిక్కు ఎటో తెలుసా? ఆగ్నేయం. అంటే సరిగ్గా ఎల్బీనగర్ వైపు. పాయింట్లన్నీ విజయవాడ బస్సు ఎక్కడానికి బయల్దేరినట్టున్నాయి.

రెండొందల మీటర్లే కదా అనిపించొచ్చు. దిల్‌సుఖ్‌నగర్ తెలిసినవాళ్ళు అలా అనరు. నడిరోడ్డున డివైడరు, పైన మెట్రో, యూటర్న్ ఎక్కడో. బండి ఒక సందు ముందు ఆగితే లోపల పేషెంటు ఉన్న ఇంటికి మళ్ళీ చుట్టుతిరిగి రావాలి. టెస్టింగులో దొరికింది కాబట్టి సరిపోయింది.

జీపీఎస్ తప్పు అన్నారు కొందరు. డేటా ఎంట్రీ తప్పు అన్నారు కొందరు. రెండు రోజులు కొట్టుకున్నాం. చివరికి నాన్న స్నేహితుడు ఒకాయన గుర్తొచ్చారు. సర్వేయరుగా చేసి రిటైరై ఎల్బీనగర్‌లో ఉంటున్నారు. ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"ఏ గుడ్డు మీద కొలిచిన నంబర్లు నాన్నా అవి?" అన్నారు.

"గుడ్డేంటంకుల్?"

"భూమి గుండ్రంగా లేదు కదా. కొంచెం నొక్కిన గుడ్డు. ఎంత పెద్ద గుడ్డు, ఎంత నొక్కాలి, దాని మధ్య బిందువు ఎక్కడ, అది తేలకుండా అక్షాంశం రేఖాంశం ఎక్కడ్నించి వస్తాయి? పాత టోపోషీటు నంబర్లయితే అవి ఎవరెస్టు గుడ్డు మీదవి. మీ ఫోనుది వేరే గుడ్డు."

ఎవరెస్టు అంటే కొండ అనుకునే నాలాంటి వాళ్ళకోసం ఇక్కడ కాస్త చరిత్ర చెప్పాలి. ఎందుకంటే ఆ కథలో సగం మన ఊరిదే.

1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర నేల మీద ఏడున్నర మైళ్ళ గీత ఒకటి కొలవడం మొదలుపెట్టాడు. చేతిలో ఉన్నది 100 అడుగుల ఉక్కు గొలుసు. ఎండకి ఉక్కు సాగుతుంది కాబట్టి ఉష్ణోగ్రత కూడా రాసుకుంటూ కొలిచారు. ఆ ఒక్క గీత చేతికొచ్చాక మిగతాదంతా ఇంటర్లో మనం చదివిన సైన్ రూలే. గీత రెండు కొసల నుంచి దూరంగా ఉన్న కొండనో గోపురాన్నో చూసి కోణాలు కొలిస్తే త్రిభుజం వస్తుంది. లెక్కతో మిగతా రెండు భుజాలు వస్తాయి. ఆ భుజం మీద ఇంకో త్రిభుజం. అలా త్రిభుజం మీద త్రిభుజం పేర్చుకుంటూ పోవడమే. కోణాలు కొలిచే థియోడొలైటు బరువు అర టన్ను. దాన్ని మనుషులు మోసుకుంటూ కొండలెక్కించారు.

ఈ త్రిభుజాల వరసల్లో అసలైనది దక్షిణం నుంచి ఉత్తరానికి 78వ రేఖాంశం వెంబడే వెళ్ళింది. గ్రేట్ ఆర్క్ అన్నారు దాన్ని. 1811లో గుత్తి దగ్గర, 1815లో నిజాం రాజ్యంలో బీదరుకి దగ్గర్లోని దామరగిద్ద దగ్గర మళ్ళీ నేలమీద గీతలు కొలిచి, లెక్క దారి తప్పలేదని సరిచూసుకున్నారు. మన హైదరాబాదు 78న్నర మీద ఉంది. అంటే దారిలోనే. లాంబ్టన్ చివరి రోజుల్లో ఆయన మకాం కూడా హైదరాబాదే. 1818 చివర్లో ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరడానికి ఇక్కడికొచ్చినవాడే జార్జి ఎవరెస్టు. అప్పటికి అతనికి 28 ఏళ్ళు. అంటే ఇంచుమించు నా వయసు. నేను ఈ వయసులో ఏసీ గదిలో కూర్చుని రెండు కాలమ్స్ పెట్టాను. అతన్ని కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి పంపారు.

1819 వానాకాలం అది. ఆకాశం కడిగినట్టుంటే దూరం కొండలు స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి ఆ కాలంలోనే పని చెయ్యాలి. కానీ జ్వరాలు వచ్చే కాలం కూడా అదే. గోదావరి వైపు యల్లాపురం అడవుల్లో ఎవరెస్టుకీ, దాదాపు అతని మనుషులందరికీ జ్వరం పట్టుకుంది. నడవలేని వాళ్ళని తెచ్చుకోడానికి హైదరాబాదు నుంచి ఏనుగుల్నీ డోలీల్నీ పంపాల్సొచ్చింది. కొందరు తిరిగి రాలేదు. ఎవరెస్టు బతికాడు గానీ, కోలుకోడానికి 1820లో ఏకంగా దక్షిణాఫ్రికా కొసకి ఓడెక్కి వెళ్ళాడు. లాంబ్టన్ 1823 జనవరిలో నాగపూరు వైపు వెళ్తూ హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. పని మళ్ళీ ఎవరెస్టు మీద పడింది.

ఇంత కష్టం ఎందుకు? మ్యాపు గీయడానికే అయితే ఇంత అక్కర్లేదు. ఉత్తరానికి ఒక డిగ్రీ నడిస్తే ఎన్ని అడుగులు అన్నది వాళ్ళకి కావాలి. నక్షత్రాల్ని చూస్తే డిగ్రీలు తెలుస్తాయి, త్రిభుజాలు అడుగులు చెప్తాయి. భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుని ఉంటే పైకెళ్ళేకొద్దీ డిగ్రీ కొంచెం పొడవవుతుంది. ఆ తేడా పట్టుకుంటే గుడ్డు ఆకారం దొరుకుతుంది. ఎవరెస్టు 1830లో అచ్చువేసిన పుస్తకం సరిగ్గా దీని గురించే. 18 డిగ్రీల 3 నిమిషాల అక్షాంశం నుంచి 24 డిగ్రీల 7 నిమిషాల దాకా కొలిచిన చాపం. కింది కొస దామరగిద్ద, పై కొస మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్. ఆ చాపాన్ని ఫ్రాన్సులో కొలిచిన చాపంతో కలిపి చూసి భూమి కొలతలు లెక్కగట్టాడు.

ఇప్పుడు మీరు వాడే ఏ మ్యాపు లైబ్రరీ అయినా తెరిచి చూడండి. "ఎవరెస్ట్ 1830" అని ఒక ఎంట్రీ ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6377276.345 మీటర్లు. మీ ఫోను వాడే డబ్ల్యూజీఎస్ 84 లో అదే అంకె 6378137. తేడా 861 మీటర్లు. ఎవరెస్టు భూమి మన భూమి కంటే కొంచెం చిన్నది. పైగా ఆ గుడ్డుని మన దేశపు నేలకి బాగా అతికేలా పెట్టారు కాబట్టి దాని మధ్య బిందువు, ఉపగ్రహాలు తిరిగే అసలు భూకేంద్రం దగ్గర ఉండదు. ఎనిమిది వందల మీటర్లకి పైగా పక్కకి ఉంటుంది. ఈ తేడాలన్నీ కలిసి దిల్‌సుఖ్‌నగర్ దగ్గరికొచ్చేసరికి నా పాయింట్లని ఎల్బీనగర్ వైపు నడిపించాయి. అన్నట్టు ఆ లిస్టులో ఎవరెస్టు ఒకడే ఉండడు, ఐదారుగురు ఉంటారు. ఆయన అడుగుల్లో ఇచ్చిన అంకెని తర్వాతివాళ్ళు మీటర్లలోకి ఒక్కొక్కరు ఒక్కోలా మార్చారు. అడుగు ఎంత అన్నదాని మీద కూడా ఒప్పందం లేదు మరి!

మా బగ్గు ఒక్క లైనుతో పోయింది. పాయింట్లు ఏ గుడ్డు మీదివో చెప్పి, మార్చమన్నాం. 2005 జాతీయ మ్యాపు విధానం తర్వాత ప్రజలకోసం వేసే సర్వే ఆఫ్ ఇండియా షీట్లు డబ్ల్యూజీఎస్ 84 మీదే వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో మ్యాపుల మీద ఉన్న ఆంక్షలు చాలావరకు సడలించారు. అందుకని కొత్తవాళ్ళకి ఈ తిప్పలు తక్కువ. కానీ పాత టేబుళ్ళు ఎక్కడికీ పోవు, ఎవరో ఒకరి హార్డ్ డిస్కులోంచి వస్తూనే ఉంటాయి.

బగ్గు పోయిందని చెప్పడానికి ఒక ఆదివారం అంకుల్ వాళ్ళింటికి వెళ్ళాను. దిల్‌సుఖ్‌నగర్లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, మూడోది ఎల్బీనగర్. కాఫీ ఇచ్చి ఆయన రెండో ప్రశ్న వేశారు.

"అక్షాంశం సంగతి సరే. రేఖాంశం ఎవరి గడియారం ప్రకారం?"

అక్షాంశానికి ఆకాశంలో గుర్తులున్నాయి. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తులో ఉందో చూస్తే ఇంచుమించు మన అక్షాంశం అదే. హైదరాబాదులో 17 డిగ్రీల పైచిలుకు. రేఖాంశానికి అలాంటి గుర్తు లేదు. ఎందుకంటే భూమి తిరుగుతూనే ఉంటుంది. 24 గంటల్లో 360 డిగ్రీలు, అంటే డిగ్రీకి 4 నిమిషాలు. నాకు మిట్టమధ్యాహ్నం అయిన క్షణంలో గ్రీనిచ్‌లో టైమెంతో తెలిస్తే నా రేఖాంశం తెలిసినట్టే. రేఖాంశం అంటే రెండు గడియారాల తేడా. అంతకుమించి ఏమీ లేదు. దిల్‌సుఖ్‌నగర్ రేఖాంశం 78.525, ఎల్బీనగర్ 78.552. తేడాని టైములోకి మారిస్తే ఆరున్నర సెకన్లు. నడినెత్తి సూర్యుడు ముందు ఎల్బీనగర్ వాళ్ళకి, ఆరున్నర సెకన్ల తర్వాత మాకు.

ఇంతకీ గ్రీనిచ్‌లో టైమెంతో మద్రాసులో ఎలా తెలుస్తుంది? 1792లో ఈస్టిండియా కంపెనీ కట్టిన మద్రాసు అబ్జర్వేటరీలో గురుగ్రహం ఉపగ్రహాలకి పట్టే గ్రహణాల్ని చూసేవారు. అవి రెండు చోట్లా ఒకే క్షణంలో కనిపిస్తాయి కాబట్టి ఆకాశంలో వేలాడే గడియారం లాంటివి. దేశంలో సర్వే రేఖాంశాలన్నీ మద్రాసు రేఖాంశం మీద ఆధారపడ్డాయి. తర్వాత టెలిగ్రాఫు తీగల మీద టైము పంపి సరిచూస్తే మద్రాసు రేఖాంశంలో దాదాపు రెండున్నర నిమిషాల కోణం తప్పుందని తేలింది. గడియారంలో అది సుమారు పది సెకన్లు. నేల మీద హైదరాబాదు దగ్గర నాలుగు కిలోమీటర్ల పైన. అంటే పంతొమ్మిదో శతాబ్దపు సర్వే రేఖాంశాన్ని ఉన్నదున్నట్టు నమ్మితే దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి ఎల్బీనగర్ రేఖాంశం కూడా దాటి పడుతుంది. త్రిభుజాల్లో తప్పు లేదు. మొదలుపెట్టిన చోట పది సెకన్ల తేడా, అంతే.

ఆ రోజుల్లో ప్రతి ఊరికీ దాని సూర్యుడే గడియారం. రైళ్ళు వచ్చాక అది కుదరలేదు. అందుకని దేశంలో రైళ్ళు మద్రాసు టైము పట్టుకున్నాయి. 1874లో సికింద్రాబాదుకి వాడి నుంచి నిజాం రైలు వచ్చింది. మద్రాసు టైముకీ ఇక్కడి సూర్యుడికీ ఏడు నిమిషాల తేడా. సూర్యుణ్ణి నమ్ముకుని స్టేషనుకి వెళ్ళినవాడికి రైలు వెళ్ళిపోయి ఉంటుంది. 1884లో వాషింగ్టన్‌లో దేశాలన్నీ కూర్చుని గ్రీనిచ్‌ని సున్నా అన్నాయి. 1906 జనవరి 1 నుంచి మనకి 82న్నర డిగ్రీల రేఖాంశం మీద ఐదున్నర గంటల టైము వచ్చింది. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత టైము కూడా వదల్లేదు.

ఈ 82న్నర మన తెలుగు నేల మీద ఎక్కడ వెళ్తుందో తెలుసా? అన్నవరానికీ తునికీ మధ్య. తుని అక్షాంశం ఇంచుమించు దిల్‌సుఖ్‌నగర్ అక్షాంశమే. మా మేడ మీంచి తిన్నగా తూర్పుకి 420 కిలోమీటర్లు పోతే తుని పొలిమేరల్లో తేలతాం. అక్కడి సూర్యుడికి 12 అయినప్పుడు దేశమంతా 12 అని ఒప్పుకున్నాం. మా సూర్యుడు అప్పటికి ఇంకా 16 నిమిషాలు వెనకున్నాడు. సంక్రాంతికి ఎల్బీనగర్ చౌరస్తాలో బ్యాగులు పట్టుకుని తుని బస్సుకోసం నిలబడే వాళ్ళంతా, చేతి వాచీలో రోజూ తమ ఊరి టైమే పెట్టుకుని తిరుగుతున్నారన్నమాట.

ఇది కూడా మన కోడులో ఉంది. జావాలోనో పైథాన్‌లోనో "ఏషియా/కోల్‌కతా" జోను తీసుకుని 1900 సంవత్సరం తేదీ ఒకటి ఇచ్చి చూడండి. తేడా 5 గంటల 30 నిమిషాలు రాదు. 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు వస్తుంది. అది బగ్గు కాదు. అది మద్రాసు టైము. 1943 ఇస్తే ఆరున్నర గంటలు వస్తుంది, రెండో ప్రపంచ యుద్ధంలో గడియారం గంట ముందుకి జరిపారు. ముసలాయన పుట్టినతేదీ ఒకరోజు వెనక్కి పోయిందని తిట్టుకునే ముందు ఒకసారి ఇది చూసుకోండి. ఆన్‌సైట్ వాళ్ళతో రాత్రి కాల్స్ మాట్లాడే మనం ఆ అరగంట ఎక్కడిదని ఎప్పుడూ అడగలేదు. నేనూ అడగలేదు.

నాకు అర్థమైంది ఇంతే. అక్షాంశం, రేఖాంశం, టైము, ఇవి భూమికి పుట్టుకతో వచ్చిన నంబర్లు కావు. ఎవరో కొలిచారు, ఎవరో ఒక చోట మొదలుపెట్టారు, మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. సాయిబాబా గుడి లాంటివే. కాకపోతే ఆ గుడి ఒకటి గ్రీనిచ్‌లో, ఒకటి మద్రాసులో, ఒకటి కల్యాణ్‌పూర్‌లో ఉంది. ఏ గుడో చెప్పకుండా అడ్రసు ఇస్తే అంబులెన్సు ఇంకో సందులో ఆగుతుంది. అందుకని ఇప్పుడు మా టేబుల్లో లాట్, లాంగ్ పక్కన మూడో కాలమ్ ఉంది, ఏ గుడ్డు మీద కొలిచారో రాయడానికి. టైము పక్కన జోను కాలమ్ ఉంది. అవి ఖాళీగా ఉంటే రికార్డు సేవ్ కాదు. టీములో కుర్రాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఇంకోటి కూడా అనిపించింది. ఎవరెస్టు పేరు ఒక కొండకి పెట్టారు, ఒక స్థిరాంకానికి పెట్టారు. యల్లాపురం అడవిలో జెండా పట్టుకుని నిలబడి, జ్వరంతో పోయినవాళ్ళ పేర్లు ఏ లైబ్రరీలోనూ లేవు. 6377276 అన్న అంకె చూసినప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తున్నారు.

మీకు ఒక చిన్న పని. హైదరాబాదులో ఏటా రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజు మేడ మీద ఒక పైపు ముక్క నిలువుగా నిలబెట్టండి. నీడ పూర్తిగా దాని కిందకి వెళ్ళిపోతుంది. పన్నెండింటికే చూసి ఏమీ లేదని దిగి రాకండి. వాచీది తుని టైము. సూర్యుడి నడకలో ఏడాది పొడుగునా ఉండే చిన్న తేడా కూడా కలిసి, మే నెలలో అయితే 12 గంటల 12 నిమిషాల దాకా, ఆగస్టులో అయితే 12 గంటల 22 నిమిషాల దాకా ఆగాలి. నేను దిల్‌సుఖ్‌నగర్ మేడ మీద, అంకుల్ ఎల్బీనగర్ మేడ మీద, ఇద్దరం ఫోన్లు పట్టుకుని ఈసారి చూద్దామనుకుంటున్నాం. ఆరున్నర సెకన్ల తేడా పైపు నీడతో దొరకదని ఆయన ముందే చెప్పేశారు. అయినా చూద్దాం అన్నారు.